బేడీల మీద కండువా

కూసో శ్రీహితా, ఆ బ్యాగు పక్కకు వెట్టు. లా సదివెటోళ్లకు నానమ్మలు గూడ పనికొస్తరన్నట్టు. బేడీల సంగతి అడిగినవ్ గదా, మా శాలిబండల బాలకిషన్ అని ఉంటుండె. నువ్వు పుట్టకముందే పోయిండు తియ్. వెల్డింగ్ దుకాణం వానిది, మా పక్కిల్లే. ఆ మంటకు కండ్లు ఎప్పుడు ఎర్రగుండేటివి, కొత్తోళ్లు చూస్తే తాగిండనుకుందురు. చాయ్ తప్ప ఏం ముట్టకపోయేది. మీ తాతను కాకా అంటుండె. దొంగ ఇనుము కొన్నడని కేసు వెట్టి జైల్ల ఏసిన్రు. బెయిల్ రాలే, విచారణ గాలే. గట్లుండంగనే వాళ్లమ్మ నీలమ్మ సచ్చిపోయె. తల్లికి కొరివి వెట్టి రమ్మని కోర్టోళ్లు ఒక్క పూట పంపిన్రు. జీపు దిగిండు, రెండు చేతులకు బేడీలు. గల్లీ అంత అరుగుల మీదనే ఉన్నది. మీ తాత ఉరికి, భుజం మీది కండువా తీసి ఆ చేతుల మీద కప్పిండు. ఇజ్జత్ నిలవెట్టిండన్నరు అందరు. నేను గూడ అన్న. మన దిక్కు అంతే గదా, ఎవనికన్న బేడీలు వడితే ముందు గుడ్డ ఎతుకుతరు, తాళంచెవి ఎవ్వరు ఎతుకరు.

పాడె లేవాలె. నిప్పుకుండ వట్టుకొని ముంగట నడువాల్సింది కొడుకు. కుండ నేను వడ్త, నువ్వు ఎనుక రా అన్నడు మీ తాత. బాలకిషన్ చేతులు ఇదిలిచ్చిండు, కండువా కింద వడ్డది. "కప్పకు కాకా. నాకు శిక్ష వడలే. బేడీలు ఎయ్యమని జడ్జి చెప్పిండా, అడుగు" అన్నడు. కోర్టు చెప్పకుండ ఎయ్యొద్దని జైల్ల ఒక వకీలు వానికి చెప్పిండంట. హెడ్‌కానిస్టేబుల్ చెడ్డోడేం గాదు, వీడు ఉరికితే నా నౌకరి వోతదని మొత్తుకున్నడు. బాలకిషన్ గడప మీద కూసున్నడు. ఎండ ఎక్కుతున్నది. గప్పటిదాంక అయ్యో పాపం అన్నోళ్లే వాని మీదికి మర్లవడ్డరు. మేనత్త కాశమ్మ, "తల్లిని ఎండల వెట్టి కాయిదా మాట్లాడుతున్నవారా, పెద్ద వకీలు సాబ్ వచ్చిండు" అని దులిపింది. వాడు తలెత్తలే, తల్లి మొకమే చూస్తున్నడు. ఆమెను ఎండల ఉంచుడు వానికి మాత్రం ఇష్టమా. కాని ఆమె ఆఖరి పని దొంగ చేతులతోని చెయ్యనని కూసున్నడు. ఇగ హెడ్‌కానిస్టేబుల్ కిరాణం దుకాణంకెళ్లి పైవోళ్లకు ఫోన్ చేసిండు. ఏం విన్నడో, వచ్చి తాళం తీసిండు. బాలకిషన్ మణికట్లు రుద్దుకొని కుండ ఎత్తిండు. ఏడికి ఉరుకలే. స్నానం జేసి, తనంతల తనే జీపు ఎక్కిండు.

కేసు తేలనే లేదు, లోపలనే జ్వరమొచ్చి పోయిండు. ఇంటికి తెస్తే తెల్లగుడ్డ కప్పుతున్నరు. మీ తాత కూసొని, ఆ రెండు చేతులు బయటికి తీసి గుడ్డ మీద వెట్టిండు. కాశమ్మ లోపలికి సదరబోయింది. "ఉండనీ. కప్పొద్దన్నడు వాడు" అన్నడు.

ఆ కిటికి ముయ్యి బిడ్డా, దుమ్మొస్తున్నది.