పాలపళ్ళ రంగు

హలో… నరసింహం గారేనా? ఆ, నేనేనండీ, చక్రవర్తిని. పళ్ళ డాక్టరు గారి గదిలోంచి చేస్తున్నా… మా వరదక్క మీ ఇంటికేమైనా వచ్చిందా అండీ? మీ ఇల్లు తప్ప ఈ ఊళ్ళో తనకి తెలిసిన చోటు లేదు…

వచ్చిందా. అమ్మయ్య… ఒక్కసారి పిలుస్తారా…

రానంటోందా?… తమ్ముడు బతిమాలుతున్నాడని చెప్పండి.

…

అక్కా?… మాట్లాడకపోయినా సరే, పెట్టెయ్యొద్దు…

పాండీబజారు దాకా నడిచే పోయావా, ఈ ఎండలో?…

ఊఁ…

అన్నాను. అనలేదని ఎట్లా చెప్తా. బయట కూచున్నామె ఎవరని డాక్టరు అడిగితే, మా వంటమనిషి అన్నాను…

నీకు వినపడుతుందనుకోలా. తలుపు వేసుందనుకున్నా…

వినపడకపోతే మాత్రం… అనకూడదు. నిజమే.

ఎందుకంటే… సినిమా కంపెనీ మేనేజరు కన్నియప్పన్ నా పక్కనే ఉన్నాడు గదా. నావి పుట్టుకతో మంచి పళ్ళనీ, సిగరెట్లకి ఈమధ్యే గార పట్టాయనీ ఆయనకి చెప్పి ఉన్నా. ఇంతలో నువ్వు లోపలికి చూసి నవ్వావు… అదే గార, ముందుపళ్ళ మధ్య అదే సందు. వేషం పోతుందని భయమేసింది.

…అవునక్కా, చూశా. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు నువ్వు. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోమని నాకు నేర్పినదానివి. నా పళ్ళు బాగుపడుతున్నాయని ఈరోజే మరిచిపోయి నవ్వావు. ఈరోజే నేను ఆ మాటన్నా…

ఏం దక్కింది? నువ్వు వెళ్ళాక డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి, 'మీరూ మీ వంటమనిషీ ఒకే బావి నీళ్ళు తాగారా' అన్నాడు. నోరు తెరిచే ఉంది, ఏం చెప్పను. మేనేజరు నవ్వాడు…

ఆ. తగిన శాస్తే.

ఇంకో మాట… చెప్పాలంటే సిగ్గేస్తోంది. పళ్ళ మీద వేసే తొడుగులకి రంగు ఎంచుకోమంటున్నాడు డాక్టరు. అట్ట మీద పన్నెండు పళ్ళు అతికించి చూపించాడు. అన్నిట్లోకీ తెల్లదాని మీద వేలు పెట్టా. 'అది బొమ్మకి పెడితే బాగుంటుంది. మీ అసలు రంగేది' అన్నాడు. నాకేం తెలుసు? ఊహ తెలిసేసరికే మన ఊరి నీళ్ళకి గార పట్టేసింది. అంతకుముందు చూసింది నువ్వే. నా పాలపళ్ళు పేడముద్దలో పెట్టి కప్పు మీదికి విసిరింది నువ్వే గదా…

రంగు కోసమే ఫోను చేశావా అంటే… రెండిటికీనూ.

…

ముందు రంగుకే. అవును.

…ఆ, ఈడే ఉన్నారు. డాక్టరూ, మేనేజరూ ఇద్దరూ…

ఇప్పుడా? వాళ్ళ ముందరా?…

నువ్వు వింటుండగానే… సరే. పెట్టెయ్యొద్దు.

డాక్టర్ గారూ. ఇందాక బయట కూచున్నామె వంటమనిషి కాదండీ. మా అక్క. సొంత అక్క. నాకు వండిపెట్టిన మాట మాత్రం నిజం. పళ్ళు రాకముందు నుంచీ అన్నం మెత్తగా పిసికి పెట్టింది.

…విన్నావా అక్కా? డాక్టరు తలూపుతున్నాడు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వేషం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు…

చెప్పు… నువ్వుపప్పు రంగా? తెలుపు కాదూ?… కొంచెం పసుపు తిరిగి… ఊఁ… సందు నాన్నదా? నాన్నకీ ఉండేదా?… సరే, పూడ్చొద్దని చెప్తా.

అక్కా, ఆడే ఉండు. నేను రిక్షా తీసుకుని వచ్చి…

వద్దా?…

ఏమన్నావు?… వంటకి వేరే మనిషిని చూసుకోవాలా…

అక్కా… హలో…

పెట్టేసింది డాక్టర్ గారూ… ఆ నాలుగోది ఇట్లా ఇవ్వండి. నువ్వుపప్పు రంగుది.