ముందు దాచిన ట్యూబులు

ఆసుపత్రి కింది అంతస్తులో, జబ్బు పిల్లల రక్తమూ మూలుగా పరిశోధన కోసం దాచే గది గుమ్మంలో, బిస్కెట్ల పొట్లం పట్టుకుని, పై వార్డులో ఉన్న ఒక పిల్లాడి తల్లి నిలబడింది. లోపల ఫ్రీజర్లు చూసుకునే ఆవిడ తలెత్తలేదు.

“అక్కడే ఆగు. చెప్పులతో లోపలికి రాకు. ఏం కావాలి?”

“ఏమీ వద్దక్కా. మీకు దండం పెట్టి పోదామని.”

“నేను డాక్టర్ని కాను. దండాలు పైన.”

“చేసింది మీరేగా. మొన్న పెద్ద ఫ్రీజరు ఆగిపోయి అన్నీ పాడైపోతుంటే, మా బుడ్డోడి ట్యూబు తీసి పక్క ఫ్రీజర్లో దాచారట. నర్సమ్మ చెప్పింది.”

“నర్సమ్మకి నోరు ఆగదు.”

“వార్డులో పిల్లలందర్నీ మళ్ళీ పిలిచారు, తుంటి ఎముకలో సూది దించి మూలుగ తీయాలని. పక్క మంచం పిల్ల పొద్దున్నించీ ఒకటే ఏడుపు. మమ్మల్ని పిలవనే లేదు.”

“సరే. చెప్పావుగా, వెళ్ళు.”

“అనకూడదు గానీ, నాకు లోపల సంతోషమే వేసిందక్కా. ఆ పిల్ల తల్లి ఎంత మాటందో తెలుసా? కింద ఎవరి చెయ్యి తడిపావు అంది. నా దగ్గర తడపడానికి ఏముంది? మావాడి మొహం చూసి జాలిపడుంటారు అన్నా.”

“నేను మొహాలు చూడను. ట్యూబు మీద నంబరే ఉంటుంది.”

“అయితే అదృష్టమే.”

“అనుకో.”

“అనుకోవడమేంటి? చీటీలు వేశారా?”

“పక్క ఫ్రీజర్లో చోటు కొంచెమే ఉంది. ఏవి ముందు మార్చాలో ఒక పద్ధతుంది. నీకెందుకవన్నీ?”

“ఏం పద్ధతక్కా?”

“వదలవు కదా. మళ్ళీ తీసుకోగలిగినవి పోయినా ఫర్వాలేదు. మళ్ళీ దొరకనివి ముందు మారుస్తాం.”

“దొరకనివంటే?”

“పిల్లలే లేకపోతే ఎక్కణ్ణుంచి తీస్తాం? పోయినవాళ్ళవి.”

“అయ్యో పాపం. కానీ మావాడు ఉన్నాడుగా. పైన మంచం మీద కూర్చుని బొమ్మ లారీ చక్రం పీకుతున్నాడు.”

“ఆ బిస్కెట్లు అక్కడ పెట్టకు, చీమలొస్తాయి.”

“అక్కా, మావాడిది వాళ్ళవాటిలో ఎలా కలిసింది? పొరపాటు జరిగిందా?”

“నా చేతిలో పొరపాట్లు జరగవు.”

“మరి?”

“నన్నడిగితే ఏం లాభం? పెద్ద డాక్టరు పక్కన నిలబడి నంబర్లు చెప్పాడు, నేను మార్చా. పోయినవాళ్ళవి అయ్యాక కాస్త చోటు మిగిలింది.”

“మిగిలితే?”

“ఇంకెవరికి మళ్ళీ సూది వేసే వీలుండదో ఆలోచించుకుని, ఇంకో నంబరు చెప్పాడు.”

“వీలుండదంటే... ఓపిక లేదు కదా వాడికి, ఒళ్ళు కొంచెం పట్టాలి. అందుకేగా?”

“అదే అనుకో.”

“మళ్ళీ అనుకోమంటారేంటి. మీరు చెప్పండి.”

“వచ్చే నెల మందు మార్చి చూద్దామని నీతో అన్నాడా?”

“అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.”

“నాతో, ఈ నంబరు వచ్చే నెలదాకా ఆగదు, దీన్ని భద్రంగా పెట్టు అన్నాడు. చాలా? ఏడవాలంటే మెట్ల దగ్గర ఏడువు. తలుపు వెయ్యాలి, చలి పోతోంది.”

“ఏడవట్లేదు. మావాడి ట్యూబు ఎందులో ఉంది?”

“తీసుకుపోతావా? ఇవ్వరు.”

“నాకొద్దు. పారబోసెయ్యండక్కా. పాడైపోయిందని పైకి చెప్పి, పక్క మంచం పిల్లతో పాటు మావాణ్ణి కూడా సూదికి పిలవమనండి.”