నిన్న ఎన్ని?

ఈ మాట ఇప్పటిదాక పైకి అనలేదు. నాకు ఐదో నెల. రోజుకు నాలుగు సిగరెట్లు తాగుతున్న. చైతన్యపురి హాస్టల్లో గ్రూప్స్‌కు చదివేటప్పుడు నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టిన. పరీక్షలు పోయినయి, ఇది మిగిలింది. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో పేరు రాయించుకున్న రోజు సిస్టర్ ఫారం నింపుతూ "సిగరెట్, మందు అలవాటు..." అని సగంలో ఆపి, నా మొహం చూసి నవ్వి, తనే "లేదు" అని రాసుకుంది. నేను కూడ నవ్విన.

మా ఆయన తెల్లారకముందే బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోతడు. ఆయనకు తెల్వదు. చంపాపేటలో మేం కిరాయికుండే ఇంట్లో కింద ఓనర్ వాళ్ల అమ్మ యాదమ్మవ్వ ఉంటది. ఇయ్యాల మధ్యాహ్నం మిద్దె మీద ఇద్దరం చింతపండు గింజలు తీస్తుంటే, ఊరికే అడిగినట్టు అడిగిన: "అవ్వా, మీ కాలంలో ఆడోళ్లు గూడ చుట్ట తాగేటోళ్లట గద?"

"తాగేటోళ్లు ఏంది, నేనే తాగిన. మాది పోచంపల్లి పక్కన ఊరు గద. మగ్గం మీ తాతది, ఆసు పోసుడు నాది. ఆసంటే ఎరుకేనా? గీ చెయ్యి అటు ఇటు, మేకుల చుట్టు దారం తిప్పుడు. ఒక్క చీరకు వేలసార్లు తిప్పాలె. భుజం గుంజేది. జర ఆగితే అత్త కండ్లెర్ర జేసేది. చుట్ట ముట్టిచ్చుకున్న అంటే మాత్రం ఎవ్వరేమనకపోదురు. గదొక్కటే మాకు రెస్టు. అలవాటు చేసింది మా అత్తనే. కాదు కాదు, అత్త కాదు, మా పెద్ద యారాలు, మా బావ పెండ్లాం. పోయినామె, అనొద్దులే.

కడుపొచ్చినంక వాసనకు నాకే తిప్పింది. ఇడిసిపెడదామనుకున్న. గప్పుడు మంత్రసాని ఏమన్నదంటే, 'మానకు పిల్లా, పొగ తాగితె బిడ్డ సన్నగుంటది, కాన్పు అల్కగైతది.' తొలిసూరు గద బిడ్డా, నాకు భయం. ఒక్కటి తాగేదాన్ని మూడు తాగిన. బిడ్డ చిన్నగైతదని తెలిసే తాగిన. మంచికే అనుకున్న.

అల్కగనే అయింది. నెల ముందుగాలనే. మా సరోజ ఎంతుండె అంటవ్, గీ చాటల చింతపండంత. ఏడ్వరాకపోయేది, మూలిగేది. దారం కండెలు పెట్టే గంపల దూది పరిచి పండవెట్టినం. పాలు గుంజ శాతగాకుంటె దూది తడిపి పిండిన. ఊపిరున్నదా లేదా అని దినాం ముక్కు కాడ వేలు పెట్టి సూసుడే. ఊరోళ్లేమన్నరెరుకనా? యాదమ్మ అదృష్టవంతురాలు, నొప్పులు తెల్వకుండ కన్నదన్నరు.

బతికింది. బతికిందిగాని చలికాలమొస్తె ఛాతిల పిల్లికూతలు. ఇప్పటికి నోట్లె కొట్టుకునే మందు సంచిల లేంది గడప దాటదు.

ఇగ మేం పట్నమొచ్చినం. ఎల్‌బీనగర్ల గప్పుడేమున్నది, కంపచెట్లు. దిల్‌సుఖ్‌నగర్ దాక నడిచే పోదుము, బస్సుకు పావలా దండుగని. ఏం చెప్తున్న... ఆఁ, రెండో కడుపు. ఆడి దవాఖానల డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకున్నది. వేళ్లు పచ్చగుండె. 'చుట్ట తాగుతవా?' అన్నది. లేదన్న. ఆమె నా చెయ్యి ఇడువలే. 'నిన్న ఎన్ని?' అన్నది. నోట్లెకెల్లి మూడని వచ్చింది.

తిట్టలే బిడ్డా. పొగతోటి బిడ్డకు గాలి సాలదు, పెరగదు, ముందే పుడ్తది, ఒక్కోపారి కడుపులనే పోతది అన్నది. చిన్నగ పుట్టుడంటే అల్కగ పుట్టుడు కాదమ్మా అన్నది. సరోజ నా కొంగు పట్టుకొని పక్కనే ఉండె. ఈల లెక్క ఊపిరి తీస్తుండె.

'ఐదో నెలొచ్చె, ఇప్పుడు మానితె ఏమొస్తది?' అన్న. 'ఇయ్యాల మానితె ఇయ్యాల్టి సంది గాలి' అన్నది. ఇగ ఎప్పుడు పోయినా అదే అడుగుడు, నిన్న ఎన్ని? రెండు. ఒకటి. మీ తాతతోటి కొట్లాడిన్నాడు మల్ల మూడు. దాయకుంటె సాలన్నది. ఒక్కదినం, దవాఖానల సూపెట్టుకునేది లేకున్నా, ఒక్కటి గూడ లేదని చెప్పేటందుకే నడుసుకుంట పోయిన.

గా కడుపుల పుట్టినోడే మీ ఓనరు. రెండు దినాలు అరిపించిండు. ఇప్పటికి ఎక్కడన్న కూసుంటె జల్ది లేవడు.

సరోజకు మాత్రం చెప్పలే. నీ ఊపిరి నేనే గుంజుకున్న బిడ్డా అని... ఎట్ల చెప్త."

అవ్వ పక్కనున్న కరివేపాకు కుండీలో వేలు పెట్టి, మట్టిలోంచి రెండు సిగరెట్ పీకలు తీసి మా ఇద్దరి నడుమ పెట్టింది.

"పదిహేను దినాల సంది ఏరుతున్న, మా కోడలు సూడకముందే. ఆమె సూస్తె మైకు లేకుండనే ఊరంత ఇనిపిస్తది." ఇంకో గింజ తీసింది. నా దిక్కు చూడలేదు. "నిన్న ఎన్ని?"

"నాలుగు" అన్న. పైకే అన్న.

"మంచిది తల్లీ. లోపలిది నిండుగ పెరగని. పుట్టినంక వాడకట్టంత లేచేటట్టు ఏడ్వని. దవాఖానోళ్లకు చెప్పినవా?"

తల అడ్డంగా ఊపిన.

"చెప్పు. నువ్వు చెప్తె, ఇగ నేను గూడ మా సరోజకు..." అని ఆగింది. చాట అటు ఇటు జరిపింది.

ఏమన్న ఉంటే చెయ్యమని సిస్టర్ ఇచ్చిన నంబరు నా ఫోన్‌లోనే ఉంది. మీరు రాసిన ఫారంలో ఒకటి తప్పుంది, అని మొదలుపెడత. చేతులకు చింతపండు జిగురు. చున్నీకి తుడుచుకుని ఫోన్ తీసిన.