ఆ లారీలోంచి ఎవరు దిగినా

పాత లారీల మీద ప్రాణాలు పెట్టుకున్నవాళ్లు కరెంటు బండికి మారతారా అని నన్నడుగుతావేంటక్కా? మారబట్టేగా నా బతుకిట్టా అయింది! మారబట్టేగా కంకిపాడు నుంచి బస్సులో నిలబడి, ఈ ఎండలో ఆటోనగర్ అంతా తిరిగి, మీ షోరూము పట్టుకున్నాను!

కాదు, బండి కొనడానికి రాలేదు. ఆ రంగుల కాగితం అక్కడ పెట్టెయ్. ఒకసారి ఛార్జింగు పెడితే ఎంత దూరం పోతుందో నాకెందుకు? నేనొచ్చింది మీరు తీసుకున్న బండి కోసం. మొన్న ఉయ్యూరు నుంచి ఒకతను ముక్కు లారీ తెచ్చి, ఎక్స్ఛేంజిలో ఇచ్చి వెళ్లాడు చూడు. పొడుగ్గా, చామనచాయగా, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు... ఆఁ, దేవేంద్ర. అతనే. ఆ లారీ తిరిగి ఇచ్చెయ్యండి.

నేనెవర్నా? ఏమని చెప్పను... ఆదివారం మాకు తాంబూలాలక్కా.

నవ్వకు. నీ బ్యాడ్జీ మీద శ్రీదుర్గ అని ఉంది, ఆ పేరు చూసే ఇంతమందిలో నీ దగ్గరికొచ్చా. కూర్చోమంటే కూర్చుంటా. మంచినీళ్లు వద్దు, ముందు చెప్పనీ.

మా ఇల్లు కంకిపాడులో, కాలవ గట్టు మీద. మా నాన్న వీరభద్రయ్య గారు. పెడన వైపు నేతగాళ్ల దగ్గర చీరలు కొని, ఇక్కడ గవర్నర్‌పేట హోల్‌సేల్ కొట్లకి వేస్తాడు. ఆ చీరల బేళ్లు తెచ్చేది దేవేంద్ర లారీ. ముక్కు లారీ అంటే తెలుసుగా? ఇప్పటి లారీల్లాగా ముఖం చెక్కేసినట్టుండదు. ముందు ఇంజను ముక్కులా పొడుచుకొచ్చి, దానికటూ ఇటూ రెండు దీపాలు, పెద్ద కళ్లేసుకుని చూస్తున్నట్టు. చెక్క బాడీ మీద తామరపూలు అతను తన చేత్తో వేసుకున్నాడు.

అది ఉయ్యూరు వైపు నుంచి వస్తుంటే అల్లంత దూరాన లాకుల దగ్గరే వినపడేదక్కా. ముందు ఒక గొణుగుడు. నేను జడ విప్పి మళ్లీ వేసుకునేదాన్ని. గట్టెక్కేటప్పుడు గేరు మార్చితే ఒక మూలుగు. అప్పుడు పౌడరు. మలుపు తిరిగేసరికి బొట్టు. గేటు ముందు ఆగేసరికి నేనేమీ ఎరగనట్టు చెంబు పుచ్చుకుని తులసికోటలో నీళ్లు పోస్తా ఉండేదాన్ని. అతనెన్నిసార్లు వస్తే అన్నిసార్లు పోశాను. ఆ నీళ్లకి తులసి కుళ్లిపోయింది పాపం. మా అమ్మ ఇంటికేదో దోషం తగిలిందని శాంతి చేయించింది!

పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకేం తెలుసు? ప్రేమంటే ఇట్టా దూరం నుంచి చప్పుడు చేసుకుంటా వస్తుందనుకున్నాను.

ఆ లారీ వాసన కూడా... ఏం చెప్పమంటావులే. ఓసారి గవర్నర్‌పేట కొట్టాయన ఒక బేలు వెనక్కి తిప్పి పంపాడు. చీరలన్నీ డీజిలు కంపు. "వీరభద్రయ్య గారూ, మనం పెళ్లి చీరలమ్ముతున్నామా, పెట్రోలు బంకు నడుపుతున్నామా?" అన్నాడట. మా నాన్నకి తలకొట్టేసినట్టయింది. నేను మాత్రం ఆ బేల్లోంచి ఒక చీర తీసుకుని, ఉతక్కుండా దిండు కింద పెట్టుకున్నా. సంపెంగపూల వాసన వేస్తే ఎవరైనా పడుకుంటారక్కా, డీజిలు వాసనకి నిద్ర పట్టడం నా ఒక్కదానికే చెల్లింది.

ఇక ఆ లారీలో బేలు ఎక్కించేది లేదని మా నాన్న తెగేసి చెప్పాడు. అదుగో, అప్పుడొచ్చింది మీ కరెంటు బండి. బేళ్లకి కరెంటు బండి, లారీ మాత్రం తన దగ్గరే ఉంచుకుంటా అన్నాడు దేవేంద్ర. మీవాళ్లు అప్పుడే ఎక్స్ఛేంజి అడిగితే, కన్నతల్లిని ఇస్తామా అన్నాడట కదా? ఆఁ, నీతోనే అన్నాడా! చూశావా మరి!

పాత లారీలంటే వీళ్లకి అంత పిచ్చి. ఓ సంఘం కూడా ఉంది. రామకోటేశ్వరరావు గారని, రిటైరైన సోషలు మాస్టారు, ఆయన ప్రెసిడెంటు. ఆదివారం ఆదివారం తలా ఒక పాత లారీ కడిగి తుడిచి, మార్కెట్ యార్డు ముందు వరసగా నిలబెట్టి, కాఫీ గ్లాసులు పుచ్చుకుని వాటి చుట్టూ తిరుగుతారు. లోడు లేదు, బేరం లేదు. ఊరికే చూసుకోడం. పెళ్లికూతుళ్లని కూడా ఎవరూ అంతసేపు చూడరు.

ఆ మాస్టారు మైకులో అన్నాడు, "కరెంటు బండి అంటే ఏముందయ్యా, మిక్సీకి చక్రాలు తగిలించడమేగా!" అని. ఒకటే చప్పట్లు. డీజిలు తాగని బండి ఎక్కబోమని అమ్మవారి మీద అందరిచేతా ఒట్టేయించాడు.

ఇది జరిగిన కొన్నాళ్లకి ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు మా ఇంటికి చీర చూడ్డానికొచ్చింది. మాటల్లో మాట, "మా ఆయనా? రోజూ పడుకోబోయే ముందు పశువుల పాకలో బండికి ఛార్జింగు పెట్టి, దానిమీద గడ్డి కప్పి వస్తారమ్మాయ్. తెల్లారుతూనే పాలకేంద్రానికి దాంట్లోనే. చప్పుడు రాదుగా, మూడో కంటికి తెలీదు" అంది! మిగతావాళ్లూ అంతేనట. ఒకాయన చెల్లెలి పేరు మీద, ఒకాయన బావమరిది ఇంట్లో. ఆదివారం పూట మాత్రం పాత లారీలెక్కి, హారన్లు కొట్టుకుంటా వస్తారు.

దేవేంద్ర ఒక్కడే నలుగురికీ చెప్పి కొన్నాడు. వాళ్లు ఆ ఒక్కణ్ణే సంఘంలోంచి తీసేశారు.

ఏంటి, నవ్వొస్తుందా? నాకూ వచ్చింది అప్పుడు. ఇప్పుడు చెప్పబోయేదానికి నువ్వు నవ్వితే మాత్రం నేను లేచి వెళ్లిపోతా.

నాలుగు రోజుల కిందట, మధ్యాహ్నం. నేనూ, పక్కింటి శివపార్వతీ వసారాలో కూర్చున్నాం. నా తల నిండా ఆముదం. నుదుటి మీదికి కారుతుంటే పాత తువ్వాలు చుట్టుకున్నా. కాళ్లు బార్లా చాపుకుని, పచ్చి మామిడికాయ ఉప్పూకారంతో తింటున్నా. అదేమో ఊరుకోదు. "అసలు ఆ మనిషిలో ఏం చూసి ఒప్పుకున్నావే? నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడడు కదా" అంది.

నేనన్నాను... అన్నానక్కా. మామిడికాయ నములుతా అన్నాను. "మనిషిదేముందే? ఆ లారీ అట్టాంటిది. అందులోంచి ఎవరు దిగినా వాణ్ణే చేసుకునేదాన్ని."

శివపార్వతి నవ్వలేదు. నా వెనక్కి చూస్తంది.

భుజం మీద బేలుతో అతను. గేటు లోపల. ఎప్పుడొచ్చాడు? ఎట్టా వచ్చాడు? గొణుగుడు లేదు, మూలుగు లేదు, లాకుల దగ్గర నుంచి మా గుమ్మం దాకా గాలిలా వచ్చేశాడు! ఆ లారీయే అయితే నేను అప్పటికి జడేసుకుని, బొట్టు పెట్టుకుని, చెంబుతో నిలబడి ఉండేదాన్ని కాదా? ఆ మాట నా నోట వచ్చేదా అసలు? ఇందులో తప్పు నాదా, మీ బండిదా, నువ్వే చెప్పు!

అతను బేలు వసారాలో దించాడు. "మామయ్య గారికి చెప్పండి" అన్నాడు. నన్ను ఎప్పుడూ నువ్వు అనే మనిషి, చెప్పండి అన్నాడు. తిరిగి వెళ్లాడు. వెళ్లడం కూడా వినపడలేదు. గేటు దగ్గర చూస్తే ఖాళీ.

మర్నాడు ఫోనులో మెసేజీ. ఇదుగో, చదువు. పైకి చదవకు, ఆ పక్కాయన వింటున్నాడు. "లారీ షోరూములో ఇచ్చేశాను. ఇంకో కరెంటు బండి తీసుకుంటున్నా. ఆదివారం వస్తాను. ఈసారి దిగేది నేనొక్కణ్ణే. ఇష్టమైతేనే తలుపు తియ్యండి." మళ్లీ అండి!

ఫోను చేస్తే ఎత్తడు. మా నాన్నకి చెబుదామంటే, ఏమని చెప్పను? మీ అల్లుణ్ణి కాదు, లారీని ప్రేమించానని చెప్పనా? గవర్నర్‌పేటలో జాకెట్టు ముక్కలు కొనుక్కొస్తానని మా అమ్మకి అబద్ధం చెప్పి వచ్చేశా. ఆ లారీ తీసుకెళ్లి వాళ్లింటి ముందు పెట్టించేస్తే, అంతా ముందులాగే అయిపోతుందిగా. కాదా?

ఎక్కడుంది? వెనక షెడ్డులోనా? ఒక్కసారి చూపించక్కా. నీ కాళ్లకి దణ్ణం పెడతా.

...అదుగో. అయ్యో, తామరపూల మీద తెల్ల రంగుతో అంకెలు రాశారేంటక్కా? సరేలే. చెరిగిపోతాయిలే. ఒక్కసారి స్టార్ట్ చేయించవా? ఒక్కసారే. నాకు వినాలనుంది. నేను కళ్లు మూసుకుంటా. ఊఁ, ఆ షెడ్డులో ఉన్న పెద్దాయనకి చెప్పు.

...

ఇదేంటి? ఆగిపోయిందా? ఇంకోసారి తిప్పమను.

...

ఇంతేనా?

కాదక్కా, ఆయన సరిగ్గా తొక్కడంలేదు. ఇట్టా ఉండదు అది. ఇదేదో కఫం పట్టిన ముసలాయన తెల్లవారుజామున దగ్గినట్టుంది. దేవేంద్ర తోలితే... ఇంకాస్త తొక్కమను. ఊఁహూఁ. ఆ పొగేంటి? కళ్లు మండుతున్నాయి. ఆపమను, ఆపమను, చాలు.

దిగుతున్నాడు. ఏం పేరు ఆయనది? బసవయ్యా? చెవి మీద బీడీ పెట్టుకుని, నడుం పట్టుకుని, వెనక్కి తిరిగి ఒక్కో కాలే కిందికి పెడతా, అయ్యో జాగ్రత్త బాబాయ్... దిగాడు.

ఎవరు దిగినా చేసుకుంటానంటిని కదా. ఇదుగో, దిగాడు!

నవ్వక్కా, ఇప్పుడు నవ్వు. నేనే నవ్వుతున్నాగా. లేదు, ఏడవట్లేదు. పొగకి.

ఇన్నాళ్లూ దేన్ని విన్నానక్కా నేను? ఆ మూలుగు లారీది కాదేమో. మా గట్టు దగ్గరికి రాగానే అతను గేరు మార్చడంలో ఉన్న తొందరేమో అది. నేనేమో, దిగేవాణ్ణి వదిలేసి ఇంజనుకి బొట్టు పెట్టాను.

ఇప్పుడు చిక్కేంటంటే, ఈ మాట అతనికెట్టా చెప్పను? నువ్వే కావాలి అంటే, లారీ పోయింది గనక అంటున్నావంటాడు. లారీ ఉన్నప్పుడేమో నాకే తెలీదు. తెలిసేసరికి మీ షెడ్డులో ఉంది. అతను నోరు విప్పి అడగడు. నేను చెప్తే నమ్మడు. మంచి జంటమే కదూ?

ఇంకోటి చెప్పనా? ఎవరికీ చెప్పకు. ఆ రోజు నుంచీ ఇంట్లో ఒక్క క్షణం కుదురుగా ఉండలేకపోతున్నా. ముందైతే చప్పుడు వినపడితేనే గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు ఏ చప్పుడూ లేనప్పుడల్లా పరిగెత్తుతున్నా. ఏమో, వచ్చాడేమో అని! మా ఇల్లేమో ఎప్పుడూ నిశ్శబ్దంగానే ఉంటుంది. కాళ్లు పడిపోతున్నాయక్కా. జడ వేసింది వేసినట్టే, పౌడరు పూసింది పూసినట్టే, పొద్దస్తమానం పెళ్లికూతురిలా తిరుగుతున్నానని మా అమ్మ దిష్టి తీస్తంది.

లారీనా? ఏం చేసుకోను? ఉంచుకోండి మీరే. బసవయ్య గారికే ఇచ్చెయ్యండి, నా తరఫున కట్నం అనుకుని. నేనొచ్చానని దేవేంద్రతో మాత్రం చెప్పకు. లారీ కోసం వచ్చిందట అంటావు, అదింకో గొడవ.

వెళ్తానక్కా. జాకెట్టు ముక్కలు కొనాలి, లేకపోతే మా అమ్మ అడుగుతుంది. ఆదివారం సంగతా? ఇష్టమైతేనే తలుపు తియ్యండి అన్నాడు కదా మహానుభావుడు. శనివారం నుంచే బార్లా తీసి పెట్టుకుంటా. పిల్లులొస్తాయి, దోమలొస్తాయి, మా నాన్న తిడతాడు. ఏం చెయ్యమంటావు మరి? మీ బండి వచ్చేది వినపడి చావదుగా!