తిరుమలగిరి బస్సు

1994 ఎండాకాలం. సూర్యాపేట బస్టాండులో ఒక మొగుడూ పెళ్లామూ తిరుమలగిరి బస్సు కోసం కూర్చున్నారు. కోదాడ దగ్గరి ఇటుకబట్టీ నుంచి అప్పుడే వచ్చారు.

"ఇటుక కొనే కంపెనీ ఇంజనీరు మిమ్ముల బయటికి పోనిస్తున్రా అని అడిగితే, మమ్ముల ఎవలు ఆపరు సారూ అని అబద్ధమెందుకు ఆడినవ్?" అంది ఆమె.

"పక్కన బట్టీ సేటు నిలబడ్డడు. నిన్ను కొడ్తడని భయమైంది."

"మా అమ్మ మంచంల పడి మూడు వారాలాయె. ఒక్కరోజుకు పంపలే. నోరు తెరవకుంటే ఎట్ల?"

"తెరిస్తివి గదా. గేటు దాటనియ్యరని సేటు ముందటనే చెప్తివి."

"సారు మంచోడు. మనుషులను పోనిచ్చేదాక ఈ ఇటుక వద్దని లారీలు ఖాళీగ తిప్పి పంపిండు."

"నాలుగో దినం సేటే తాళం తీసిండు. అందరి కండ్లు నీ మీదనే."

"నీ కండ్లు?"

"నావి పెండ్లినాటి సంది నీ మీదనే ఉన్నయ్."

"సాలు తియ్, బస్సొచ్చింది. అమ్మ దగ్గర ఎన్ని దినాలుందాం?"

"సేటు చెప్పలే గదా."

"ఆయన ముచ్చట ఎందుకు? నిన్ను అడుగుతున్న."

అలా అతన్ని ఎవరైనా అడిగి చాలా కాలమైంది.

"ఆమె లేసి నడిసేదాక ఉందాం."