గీత పడని ప్లేటు

ఊరికే "రిపోర్టు, రిపోర్టు" అని నా ప్రాణం తియ్యకక్కా! ఇన్నేళ్ళ నర్సువి, నీకు తెలీదా? పురుగులంటే నేను పిలవగానే పరుగెత్తుకొచ్చే కోడిపిల్లలా?

డాక్టరుగారు తొందరపడుతున్నారా? పడరూ మరి! టైలరు తాతకి ఆయాసం నిలవనివ్వట్లేదు. స్టెరాయిడ్ పడితే ఊపిరాడుతుంది. కానీ పేగుల్లో ఆ సన్నపురుగు ఉందనుకో, అదే మందుతో అది ఒళ్ళంతా పాకేస్తుంది. ఇక మనిషి దక్కడు. ల్యాబులో నా సంతకం కోసం ఆగింది అందుకేగా?

ఇదిగో, నువ్వే చూడు. తాత మలం ఈ జెల్లీ పోసిన ప్లేటు మధ్యలో పెట్టి, రెండు రోజులు వెచ్చగా ఉంచా. పురుగుంటే పెరిగి, పాకి, పోయిన దారంతా దాని ఒంటికంటిన బాక్టీరియా మొలిచి చుక్కలు చుక్కలుగా గీత పడాలి. పడిందా? ఒక్కటంటే ఒక్కటి లేదు.

అయితే సంతకం పెట్టెయ్యమంటావా? భలేదానివే!

ఈ శాంపిల్ కోసం ఎన్ని తిప్పలు పడ్డానో! మొదటిది మీ వార్డువాళ్ళు మూత పెట్టకుండా పంపారు, ఎండి అట్టకట్టింది. రెండోదాన్లో నీళ్ళు కలిశాయి. మూడోసారి డబ్బా పట్టుకెళ్తే తాత ఏమన్నాడో తెలుసా? "అమ్మాయ్, నా కుట్టుకి కూడా ఎప్పుడూ ఇంత గిరాకీ లేదు" అన్నాడు. అంత ఆయాసంలోనూ నవ్వాడక్కా.

ఆ ఫ్రిజ్ తలుపు మీద కాగితం చూశావా? "పురుగుల శాంపిల్ ఇందులో పెట్టరాదు, చలికి చస్తాయి." రాసి అంటించింది నేనే. పోయిన నెల మీ ఆయా పొరపాటున పెడితే, వార్డంతా వినపడేలా అరిచా. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఏం లేదు... ఒక్క నిమిషం కూర్చో.

ఆ సాయంత్రం తాత మూడో డబ్బా చేతికొచ్చేసరికి ఇంటికి బయల్దేరుతున్నా. మిగతా డబ్బాలతో పాటు... ఇరవై రెండేళ్ళ అలవాటక్కా, చెయ్యి దానంతటదే తలుపు తీసింది. ఆ కాగితం పక్కనే పట్టుకుని తీశా! పొద్దున్నే ఫ్రిజ్ తీస్తే ఎదురుగా అదే. బతికుంటాయిలే అనుకుని, ఎవరికీ చెప్పకుండా ప్లేటులో పెట్టేశా.

ఇప్పుడు చెప్పు, ఇందులో పురుగే లేదా, నేను చంపానా? ఎవరికి తెలుస్తుంది?

ఆ ఫైలు ఇలా ఇవ్వు. "శాంపిల్ పాడైంది, తప్పు నాదే" అని రాస్తా. ఇంకో రెండు మూడు రోజులు ఆ ముసలాయన నా మూలంగా రొప్పుతూ కూర్చోవాలి. నాలుగో డబ్బా నేనే పట్టుకెళ్తా. తిడితే పడతా.

తిట్టడక్కా. మళ్ళీ నవ్వుతాడు. నా భయమంతా అదే.