కాంట్‌కి టార్గెట్ ఉందా?

బెజవాడలోని ఆ ప్రైవేటు కాలేజీ ముందు వేసవి ప్రచారానికి వ్యాను సిద్ధంగా ఉంది. ఫిలాసఫీ లెక్చరర్ మాత్రం తనకిచ్చిన కరపత్రాల కట్ట తెచ్చి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టేసింది.

"ఏంటి మేడమ్ ఇది? చల్లపల్లిలో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించాలి కదా!"

"తిరుగుతాను సార్. కానీ ఇందులో రాసిన 'చేరిన అందరికీ ఉద్యోగం గ్యారంటీ' అనే అబద్ధం నేను చెప్పను."

"అన్ని కాలేజీలూ చెప్పేదేగా?"

"అందరూ చెబితే ఇక ఎవరి మాటా ఎవరూ నమ్మరండీ. ఏడాదంతా పిల్లలకి నేను చెప్పిన తత్వవేత్త కాంట్ పాఠం అదే."

"ఆ జర్మనీ ఆయనకేం! పుట్టిన ఊళ్లోనే కూర్చుని, సాయంత్రాలు షికారు చేస్తూ ఎన్నైనా చెబుతాడు. ఆయనకి అడ్మిషన్ల టార్గెట్ ఉందా?"

"ఉన్నట్టే సార్. చాలా ఏళ్లు ఆయనకి జీతమే లేదు. పాఠానికొచ్చిన పిల్లలిచ్చే ఫీజుతోనే బతికాడు."

"ఉద్యోగం పోతుంది మేడమ్, ఆలోచించుకోండి."

ఆవిడ కరపత్రాల కట్టని ప్రిన్సిపాల్ వైపు జరిపింది.

"పోతే పోనివ్వండి. మీ అబ్బాయిని మన కాలేజీలో ఎందుకు చేర్చలేదు సార్?"

"వాడి సంగతి వేరు."

"'నా సంగతి వేరు' అనొద్దనే కాంట్ జీవితమంతా మొత్తుకుంది. సరే, వ్యాను ఎక్కుతున్నాను. చల్లపల్లిలో ఎవరైనా అడిగితే, మీ అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడో కూడా నిజమే చెబుతాను."